పద్మారాణి వేసిన అతుకులు

పెళ్లయి సూరత్ వచ్చేనాటికి పద్మారాణికి పద్దెనిమిదేళ్లు. భర్త బ్రహ్మచారికి ఆ ఊళ్లోనే ఖటోదరా పేటలో చిన్న వెల్డింగ్ షెడ్డు ఉండేది. మగ్గాల కార్ఖానాలకు ఇనుప స్టాండ్లు, ర్యాకులు చేసి ఇచ్చేవాడు. ఆమె భేస్తాన్ పేటలోని ఇంట్లోనే కూర్చుని చీరలకు మెరుపు రాళ్లు అంటించేది. ఇరవై ఏళ్లు అదే పని. షెడ్డు గడప తొక్కేది దసరా పూజకు మాత్రమే.

2020 మార్చిలో కరోనాతో అన్నీ మూతపడ్డాయి. మగ్గాలు ఆగాక స్టాండ్లు ఎవరికి కావాలి? చీరలు కొనేవాళ్లు లేకపోతే రాళ్లు దేనికి? జూన్‌లో షెడ్డు తెరిచినా, బ్రహ్మచారి పొద్దంతా స్టూలు మీద కూర్చుని వీధి చూస్తుండేవాడు.

జులైలో ఆ షెడ్డుకు ఇందుజ వచ్చింది. ఇరవై ఆరేళ్ల అమ్మాయి, సూరత్ పక్కనే హజీరాలో ఒక కంపెనీలో ఇంజనీరు. బ్యాంకులో పనిచేసి రిటైరైన తండ్రి లక్ష్మీపతి, పదకొండేళ్లు తను నడిపిన చిన్న హ్యాచ్‌బ్యాక్ కారును కూతురికి ఇచ్చేశాడు. దాన్ని ట్రాక్ మీద పరుగెత్తే రేసు కారుగా మార్చాలని ఆమె కోరిక. అప్పటికే మూడు గ్యారేజీలు తిరిగింది. ఒకచోట నవ్వారు. ఒకచోట ఇంట్లో మగవాళ్లెవరైనా ఉంటే పంపమన్నారు. మూడోచోట రంగు మార్చి స్టిక్కర్లు వేస్తే చాలదా అన్నారు.

"చారి గారూ, మీరెప్పుడైనా రేసు కారు చేశారా?" అని అడిగింది.

"లేదమ్మా. అసలు నాకు కారే లేదు. గానీ, గొట్టం వంచమంటే వంచుత, అతకమంటే అతుకుత. నువ్వు బొమ్మ గీసియ్యి."

ఆమె కంప్యూటర్‌లో గీసుకొచ్చిన బొమ్మను ఇద్దరూ కలిసి షెడ్డు నేల మీద సుద్దముక్కతో అసలు కొలతల్లో గీశారు. డ్రైవర్ సీటు కిందికి, వెనక్కి జరగాలి. ముందు చక్రాల మీద బరువు తగ్గించడానికి బ్యాటరీని వెనక పెట్టాలి. లోపలంతా ఇనుప గొట్టాలతో పంజరం కట్టాలి. కారు బోల్తా పడితే మనిషి నలగకుండా ఆపేది ఆ పంజరమే.

హోటళ్లు ఇంకా సరిగా తెరవకపోవడంతో పద్మారాణి రోజూ మధ్యాహ్నం అన్నం తెచ్చేది. ఒకరోజు గిన్నె కడుక్కుని వెళ్లబోతూ, సీట్లు తీసేసిన కారులోకి తొంగి చూసింది. నేలకంతా నల్లటి తారు పొర అంటుకుని ఉంది.

"గీ నల్లది ఎందుకు బిడ్డా?"

"బయటి చప్పుడు లోపలికి రాకుండా అక్కా."

"రేసుల చప్పుడైతే ఏందట?"

ఇందుజ నవ్వింది. "ఏమీ కాదు. బరువు తగ్గితే కారు వేగంగా పోతుంది, నిజానికి తీసేయాలి. గీకి గీకి చేతులు పడిపోతాయని వదిలేశాను."

మర్నాడు పద్మారాణి పొద్దున్నే వచ్చింది. వేడిగాలి మిషను, గీకుడు పలక తీసుకుని కారులో దూరింది. తొమ్మిది రోజుల్లో నేల ఇనుము తెల్లగా బయటపడింది. ఆ తర్వాత తలుపుల లోపలి అట్టలు, ఏసీ, వెనక సీటు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ప్రతిదీ తూచి, బరువు గోడ మీద రాశారు. తీసేసింది మొత్తం నూట పద్దెనిమిది కిలోలు. ఆ లెక్క చూసి ఇందుజ చప్పట్లు కొట్టింది. తను చేసిన పనికి చప్పట్లు వినడం పద్మారాణికి అదే మొదలు. ఏం చేయాలో తోచక నల్లబడ్డ చేతుల్ని కొంగుతో తుడుచుకుంది.

మెల్లగా ఆమె షెడ్డు మనిషైపోయింది. భర్త గొట్టాలు వంచుతుంటే కొసలు పట్టుకునేది, గ్రైండర్‌తో నున్నగా చేసేది. గొట్టాలు కదలకుండా అక్కడక్కడ చుక్క వెల్డింగ్ వేయడం అతనే నేర్పాడు.

2021 ఫిబ్రవరి నాటికి పంజరం ముప్పావు వంతు అయింది. ఒకరోజు కోసిన గొట్టాన్ని తుడుస్తూ ఆమె ఆగిపోయింది.

"ఏమయ్యా, గీ గొట్టం లోపల గీత తగుల్తుంది."

"ఏం గీత? అతుకు లేని గొట్టమని చెప్పే అమ్మిండు దుకాణమాయన."

"నువ్వే వేలు పెట్టి సూడు."

అతను చూశాడు. ముఖం మాడిపోయింది. రేకును చుట్టి, అంచులు అతికించిన గొట్టం అది. రేసు నిబంధనల ప్రకారం అది పనికిరాదు. వాడింది అంతా ఆ సరుకే.

"జర ముందుగాల చెప్పరాదా?" అని అరిచాడు. తప్పు ఆమెది కాదని అతనికీ తెలుసు. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. పైన రంగు వేసేస్తే ఎవరికీ తెలిసే సంగతి కాదు. మూడో రోజు ఆమె అన్నం తెచ్చేసరికి షెడ్డులో నిప్పురవ్వలు లేస్తున్నాయి. బ్రహ్మచారి మూడు నెలల పనిని గ్రైండర్‌తో కోసి పడేస్తున్నాడు.

"గా పిల్ల కూసుంటది అండ్ల" అన్నాడు, తలెత్తకుండానే.

కొత్త గొట్టాలు వచ్చి, వంచడం పూర్తయ్యేసరికి ఏప్రిల్ వచ్చింది. అప్పుడే బ్రహ్మచారికి జ్వరం మొదలైంది. నాలుగో రోజుకు ఊపిరి అందలేదు. పదిహేడు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. లోపలికి రానివ్వకపోతే పద్మారాణి ఎదుటి ఫుట్‌పాత్ మీద పగళ్లన్నీ కూర్చుంది. బతికి ఇంటికొచ్చాడు కానీ పది అడుగులు వేస్తే ఆయాసం. వెల్డింగ్ పొగ దగ్గరికి ఇక వెళ్లొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఇందుజ వచ్చి గుమ్మం బయటే నిలబడింది. "కారు సంగతి మర్చిపోండి చారి గారూ. మీరు కోలుకుంటే చాలు."

"మిగిలిన పని నేను జేస్త" అంది పద్మారాణి లోపలి నుంచి.

"అక్కా, ఇది ప్రాణాలకు సంబంధించిన పని."

"ఎరికే. అందుకే నేర్చుకున్నంకనే జేస్త. పరీక్ష వెట్టు. బాగలేదంటే ముట్టుకోను."

మంచం మీంచి బ్రహ్మచారి భార్యను చూశాడు. గోడకున్న షెడ్డు తాళం చూపించాడు.

ఆ నెలలో వెల్డింగుకు కావాల్సిన ఆర్గాన్ గ్యాసు దొరకలేదు. సిలిండర్లన్నీ ఆక్సిజన్ కోసం ఆస్పత్రులకు పోయాయి. అందుకని ఆమె మంట లేకుండానే మొదలుపెట్టింది. ఒక చేత్తో వెల్డింగ్ టార్చి, మరో చేత్తో అతుకులో కరిగించే సన్నటి తీగ పట్టుకుని, గొట్టం చుట్టూ ఒకే వేగంతో చేతులు తిప్పడం. బ్రహ్మచారి మాస్కు పెట్టుకుని షెడ్డు బయట కుర్చీలో కూర్చుని చూసేవాడు. "మోచెయ్యి ఆనించు. ఊపిరి బిగవట్టకు" అనేవాడు.

గ్యాసు దొరికాక అసలు కష్టం తెలిసింది. గొట్టాలకు కన్నాలు పడ్డాయి. కళ్లు మండాయి. మెడ దగ్గర చర్మం కాలి ఊడింది. తుక్కు ముక్కల మీద వందల అతుకులు వేసింది. వాటిలో కొన్నింటిని ఇందుజ హజీరా తీసుకెళ్లి, అతుకులు పరీక్షించే తోటి ఉద్యోగికి ఇచ్చేది. ఆయన కోసి, మెరుగుపెట్టి చూసేవాడు. మొదటిసారి, పైకి అందంగా ఉంది, లోపల పట్టలేదన్నాడు. రెండోసారీ అంతే. ఆ సాయంత్రం పద్మారాణి టార్చి పక్కన పెట్టి చాలాసేపు ఏడ్చింది. సెప్టెంబరులో మూడోసారి పంపిన ఆరు ముక్కలూ గట్టిగా ఉన్నాయని కబురొచ్చింది.

కారులో పని మొదలయ్యాక ఇంకో చిక్కు. పంజరం పై మూలలు కప్పుకు ఆనుకుని ఉన్నాయి, టార్చి తిరగదు. దానికి ఉపాయం బ్రహ్మచారే చెప్పాడు. పంజరం కాళ్ల కింద కారు నేలకు రంధ్రాలు కోసి, పంజరాన్ని జానెడు కిందికి దించారు. పైన చోటు దొరికింది. ఆమె వెల్లకిలా పడుకుని పై మూలలన్నీ చుట్టూరా అతికించింది. తర్వాత మళ్లీ పైకెత్తి, రంధ్రాల మీద మందపాటి పలకలు వేసి, కాళ్లను వాటికి బిగించింది.

2022 ఫిబ్రవరిలో దక్షిణాదిలో ఒక ట్రాక్ మీద చిన్న రేసు. కారు లారీలో వెళ్లింది, ముగ్గురూ రైల్లో వెళ్లారు. రేసుకు ముందు తనిఖీ చేసే అధికారి పంజరమంతా లైటు వేసి చూశాడు. "మీ పనేనా?" అని బ్రహ్మచారిని హిందీలో అడిగాడు.

"నాది కాదు సాబ్, ఆమెది" అని బ్రహ్మచారి చూపించాడు. అధికారి మరోసారి లైటు వేసి చూసి సంతకం పెట్టాడు.

పదకొండు కార్లు బయల్దేరాయి. నాలుగో చుట్టులో, మలుపు దగ్గర వెనక కారు తగిలింది. ఇందుజ కారు ట్రాక్ దాటి కంకరలోకి జారి, రెండు పల్టీలు కొట్టి, తలకిందులుగా ఆగింది.

దుమ్ములో ఏమీ కనబడలేదు. పద్మారాణి కంచె పట్టుకుని నిలబడింది. తర్వాత, సహాయక సిబ్బంది చేరేలోపే, కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. ఆ వెనకే ఇందుజ పాకుతూ వచ్చింది. భుజం కమిలింది, అంతే.

కారును వెనక్కి లాక్కొచ్చాక అందరూ గుమిగూడారు. కప్పు రేకు గొట్టాల దాకా నలిగి అక్కడ ఆగిపోయింది. ఒక గొట్టం కొద్దిగా వంగింది. ఒక్క అతుకూ విడలేదు. ఎవరో పద్మారాణితో చెయ్యి కలపబోయారు. ఆమె పక్కకు వెళ్లి వాంతి చేసుకుంది. కాసేపటికి నీళ్ల సీసాతో ఇందుజ వచ్చి పక్కన కూర్చుంది.

"సారీ అక్కా. మీ పనంతా పాడుచేశాను. ఇంకోసారి ఆ మలుపులో మెల్లగా వెళ్తాను."

పద్మారాణి కళ్లు తుడుచుకుంది. "మెల్లగ వోయేటందుకా గింత జేసినం? నువ్వు నీ తీరుగనే నడుపు. మళ్ల అతుకుత నేను."

అన్నట్టే చేసింది. ఆగస్టులో అదే ట్రాక్ మీద ఇందుజ ఆరో స్థానంలో వచ్చింది. ఆ రోజు పద్మారాణి అక్కడ లేదు. పుణె నుంచి ఒకాయన తన కారుకూ పంజరం కట్టమని దించి వెళ్లాడు. షెడ్డులో ఆ కారు కింద పడుకుని ఉన్న ఆమెకు, బయట కుర్చీలోంచి బ్రహ్మచారి ఫోన్లో విన్న సంగతి కేకేసి చెప్పాడు.

"ఆరోదా?" అని, "మంచిదే" అంటూ ఆమె మళ్లీ వెల్డింగ్ మాస్కు ముఖం మీదికి దించుకుంది.