ఇద్దరు హెన్రీలు, చుక్కల గీత

కాదు, తప్పంతా నాదే ఎట్లా అవుతుంది? చెక్ చేసి సంతకం పెట్టింది మార్గరెట్ కదా! ఈ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. "రిటైర్డ్ ఆఫీసరమ్మగారు మళ్లీ మొదలెట్టారు" అని మా ఫ్లాట్‌మేట్ శ్రావ్య నవ్వుతుంది. ఇరవై ఆరేళ్లకే ఆ పనికి రిటైర్మెంట్ ఇచ్చేశా మరి.

రెండేళ్ల కింద, చలికాలం మొదట్లో, క్రైస్ట్‌చర్చ్‌లో వంశవృక్షాలు తయారుచేసే చిన్న ఆఫీసులో జూనియర్ రీసెర్చర్‌గా చేరా. మూడు నెలల ట్రయల్. మార్గరెట్ మా సీనియర్. జూనియర్ గీసిన చార్ట్ సీనియర్ చూసి సంతకం పెడితేనే ప్రింట్‌కి వెళ్తుంది.

నా మొదటి క్లయింట్ రోజర్ అంకుల్, అదే ఊళ్లో రిక్కార్టన్ అనే పేటలో ఉంటారు. వాళ్ల పూర్వీకులు ఎప్పుడో జర్మనీలో కౌంట్లట, అంటే మన జమీందార్లలాంటోళ్లు. రెండు లోయలు, ఒక కోట, అంతే రాజ్యం. ఆ చార్ట్ ఫ్రేమ్ కట్టించి, తన ఎనభయ్యో పుట్టినరోజు పార్టీలో అందరికీ చూపించాలని ఆయన ఆశ.

పాత పత్రాల స్కాన్‌లన్నీ ఫోన్‌లోనే చదివేదాన్ని, బస్సులో కూడా. ఒకదాంట్లో కౌంట్ హెన్రీ. కొన్నేళ్ల తర్వాతిదాంట్లో కౌంట్ ఫ్రెడరిక్. ఇంకొన్నేళ్లకి మళ్లీ కౌంట్ హెన్రీ. ఒకటో హెన్రీ, రెండో హెన్రీ అనే నంబర్లు తర్వాత చరిత్ర రాసినోళ్లు పెట్టుకున్నవి, పత్రాల్లో ఉండవు. తండ్రెవరో కూడా రాసి లేదు. నాకేం డౌట్ రాలేదు. మా తమ్ముడిది మా తాత పేరే. అందుకే తాత, కొడుకు, మనవడు అని గీసేశా. మార్గరెట్ సంతకం పెట్టేసింది.

ప్రింట్‌కి ముందురోజు ఇంకో స్కాన్ వచ్చింది. ఏదో మఠానికి పిండిమర దానం. కింద మూడు ముద్రలు. "అన్నదమ్ములం ముగ్గురం" అని ఉంది. హెన్రీ, ఫ్రెడరిక్, హెన్రీ!

పదిసార్లు జూమ్ చేసి చూశా. బతికున్న ఇద్దరన్నదమ్ములకి ఒకే పేరేంటి? ముగ్గురూ ఒకేసారి కౌంట్లేంటి? వాళ్లమ్మ భోజనానికి పిలిస్తే ఎవడు పలుకుతాడు? అక్కడ కౌంట్ బిరుదు కొడుకులందరికీ వచ్చేదట, ఒకే పేరు ఇద్దరికి పెట్టడమూ ఉండేదట, తర్వాత తెలిసింది.

మార్గరెట్‌కి చూపిస్తే మొహం ఎర్రగా చేసుకుని, "నువ్వే ఫోన్ చేసి చెప్పు" అంది. చేశా. అంకుల్ ముగ్గురి పేర్లూ మళ్లీ చెప్పించుకుని రాసుకున్నారు. తర్వాత, "సరేనమ్మా, ఆ ఇద్దరు హెన్రీల్లో మావాడెవడు?" అన్నారు.

తెలీదన్నా, వాళ్ల వంశం ఒక కౌంట్ హెన్రీ నుంచి వచ్చిందని మాత్రమే పత్రాల్లో ఉంది. ఇప్పటికీ తెలీదు. రుజువు లేని చోట చుక్కల గీత పెట్టాలి, అది రూల్. ఇద్దరు హెన్రీల నుంచీ ఆయన వంశానికి చుక్కలు గీసిచ్చా. ఆయన దాన్నే ఫ్రేమ్ కట్టించి, పార్టీలో చుట్టాలతో ఓట్లేయించారంట. చిన్న హెన్రీ గెలిచాడంట.

ట్రయల్ అయ్యాక నన్ను ఉంచుకోలేదు. మార్గరెట్ ఇంకా అక్కడే ఉంది.

నేర్చుకుంది ఒక్కటే. తండ్రి నుంచి కొడుక్కి గీసే ప్రతి గీతకీ ఒక పత్రం ఉండాలి. మనింటి ఆనవాయితీ పత్రం కాదు. ఒప్పుకుంటా. కానీ హెన్రీ, ఫ్రెడరిక్, హెన్రీ అని వరసగా కనబడితే వీళ్లు అన్నదమ్ములని మీకు తట్టేదా? గుండెమీద చెయ్యేసుకుని చెప్పండి, తట్టేదా?