పంచదార పొడి పక్కన పెరిగిన పాలపళ్లు

ఆ రోజు మా అమ్ములు దోరజామకాయ ముక్క నోట్లో పెట్టుకుని, కొరకకుండానే తీసి నా చేతిలో పెట్టేసింది. "గట్టిగా ఉందమ్మా" అంది. అంతకు ముందు వారం అలాంటి కాయనే కరకరా నమిలేసింది. అప్పటికి దానికి మూడేళ్ల పది నెలలు. మారాం చేస్తోందనుకున్నాను. మధ్యాహ్నం అన్నం కూడా ఒక బుగ్గనే పెట్టుకుని మెల్లగా మింగుతుంటే, అనుమానం వచ్చి పై పెదవి ఎత్తి చూశాను. ముందు పళ్లు నాలుగూ చిగుళ్ల దగ్గర గోధుమరంగుకు తిరిగి, అంచులు అరిగిపోయి ఉన్నాయి. ఒక పంటి పైన చిగురు మీద చిన్న పొక్కు. రోజుకు పదిసార్లు ముద్దు పెట్టుకునే మొహం అది. ఆ పెదవి ఎత్తి చూడడం అదే మొదటిసారి.

మాది ఆత్రేయపురం దగ్గర పల్లెటూరు. నేను ఇంటి ముందు గదిలో పూతరేకులు చుడతాను. పక్కింటి సత్యవతి గారు కుండ మీద రేకులు తీసి ఇస్తే, వాటి మీద నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి మడతపెట్టడం నా పని. అమ్ములు నాకు కుడిపక్కన చాప మీద కూర్చునే పెరిగింది. ఏడిస్తే చిరిగిన రేకు ముక్క పొడిలో అద్ది చేతికి ఇచ్చేదాన్ని. దాన్ని నాలుక మీద పెట్టుకుని కిలకిలా నవ్వేది. ఒక్కోసారి అది బుగ్గన పెట్టుకునే నిద్రపోయేది. పని ఆగడం లేదు, పిల్ల ఏడవడం లేదు, ఇద్దరికీ బాగుందనుకున్నాను. ఎంత తెలివిగలదాన్నో చూడండి.

సత్యవతి గారికి ఆ పళ్లు చూపిస్తే, "పాలపళ్లే కదమ్మా, ఎలాగూ ఊడిపోయేవే. కాస్త లవంగ నూనె రాయి" అన్నారు. నాకూ ఆ మాటే కావలసి ఉంది. చేతిలో ఆర్డర్లున్నాయి మరి. పది రోజులు లవంగ నూనె రాశాను. పదకొండో రోజు పొద్దున్నే పై పెదవి వాచి, ఒళ్లు కాలిపోతోంది. మా ఆయన బండి తీశారు. రాజమండ్రిలో పిల్లల పళ్ల డాక్టరు గారి దగ్గరికి వెళ్లేదాకా పిల్ల నా భుజం మీంచి తల ఎత్తలేదు.

డాక్టరు గారు నోరు చూసి, ఎక్స్‌రే తీయించి, "యాబ్సెస్ అయ్యిందండి, లోపల చీము పట్టింది. చిన్నపిల్లల్లో పళ్లు ఇలా పుచ్చిపోవడాన్ని ఎర్లీ చైల్డ్‌హుడ్ కేరీస్ అంటారు. పాప రోజంతా ఏం తింటుందండి?" అని అడిగారు.

"అన్నం, పప్పు, పెరుగు అండి."

"మధ్యలో?"

చెప్పాను.

"రోజుకి ఎన్నిసార్లు?"

"నేను పని చేస్తున్నంతసేపూనండి."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఎంత తిందన్నది కాదండి, ఎన్నిసార్లు తిందన్నది ముఖ్యం. నోట్లో అస్తమానం తీపి ఉంటే పంటికి కోలుకునే టైమ్ ఉండదు" అన్నారు. పాలపళ్లే కదా అని నసిగాను. "ఊడిపోతాయి, నిజమే. టైమ్‌కి ఊడాలండి. పెద్దపళ్లకి చోటు పట్టి ఉంచేవి ఇవే."

వాపు తగ్గడానికి యాంటీబయాటిక్ ఇచ్చారు. తర్వాత ఒక పొద్దున పూర్తి మత్తు ఇచ్చి, పై ముందు పళ్లు నాలుగూ తీసేశారు. రెండు దవడ పళ్లకి లోపల పాడైన గుజ్జు తీసేసి, అదే పల్పెక్టమీ చేసి, పైన స్టీల్ క్రౌన్లు తొడిగారు. థియేటర్ తలుపు దగ్గర అమ్ములు నా పైట పిడికిట్లో బిగించి పట్టుకుంది. నర్సు గారు ఒక్కో వేలే విడదీశారు. "నేను మంచిదాన్నేగా అమ్మా" అంది లోపలికి వెళ్తూ.

ఇంటికొచ్చాక నొప్పి తగ్గింది, అన్నం తినడం మొదలుపెట్టింది. నవ్వు మాత్రం రాలేదు. పూతరేకులు కొనడానికి వచ్చినావిడ ఎవరో "అయ్యో, బోసినోటి బామ్మగారు" అని సరదాకి అన్నారు. ఆ రోజు నుంచి నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఆ కిలకిల నవ్వు కోసం నేను ఎన్ని కోతి వేషాలు వేశానో.

ఏడు నెలలకి కింద దవడ పన్ను వాచింది. అప్పటికి పని అవగానే పొడి డబ్బాలు అటక మీదికి ఎక్కించేస్తున్నాను. వచ్చేవాళ్లందరికీ పిల్లకి ఏమీ పెట్టొద్దని చెప్పాను. తప్పు వాళ్లదని చెప్పడానికి లేదు. రేకు ముక్క కోసం వెక్కివెక్కి ఏడిస్తే నేనే ఇచ్చాను. రెండుసార్లని డాక్టరు గారికి చెప్పాను. అంతకంటే ఎక్కువే.

ఆ పన్నూ తీసేసి, పక్కపళ్లు జరగకుండా స్పేస్ మెయింటైనర్ పెట్టారు. "మీ పని మానెయ్యమని చెప్పలేనండి. పని జరిగే చోట మాత్రం పాప ఉండకూడదు" అన్నారు డాక్టరు గారు.

రావులపాలెంలో మా అక్క బట్టలు కుడుతుంది. సంగతి విని ఆ వారమే వచ్చింది. "నాకిచ్చెయ్యవే. నీ కళ్లెదుట అది ఏడిస్తే నీ చెయ్యి ఆగదు. నా సంగతి తెలుసుగా, రాయిని" అంది. అక్క రాయి కాదు. దానికి ఉన్న ఓపిక నాకు లేదు, అంతే. అమ్ముల్ని అక్కడే ఎల్‌కేజీలో చేర్చాం. ఆదివారం పొద్దున్నే తీసుకొచ్చి సాయంత్రం దింపేస్తాం.

ఏడాది దాటింది. ఇప్పటికీ పదకొండు అయ్యేసరికి ఒక చిరిగిన రేకు తీసి కుడిపక్కకి తిరుగుతాను. చాప ఎత్తేశాను, అయినా తిరుగుతాను. రోజూ సాయంత్రం ఫోన్‌లో, "ఈ రోజు ఒక్క తీపి కూడా తినలేదమ్మా. ఇంటికొచ్చెయ్యనా?" అని అడుగుతుంది. వచ్చెయ్యమ్మా అనడానికి నోరు తెరిచి, "ఏం కూర తిన్నావు?" అని అడుగుతాను. బెంగ దానికంటే నాకే ఎక్కువ.

ఆ మధ్య చెకప్‌లో కొత్త కేరీస్ లేవన్నారు. పై పళ్లు ఏడేళ్లకి గాని రావట. "ఇక ఇంటికి తెచ్చుకోవచ్చాండి?" అని అడిగాను.

"ఇంట్లో ఏమైనా మారిందాండి?" అన్నారు డాక్టరు గారు.

లేదన్నాను. మర్నాడు మా ఆయన పెరటి చివర వేరే గదికి పునాది తవ్వడం మొదలుపెట్టారు. గోడలు లేచాయి, కప్పు వెయ్యాలి. పని అక్కడికి మారిన రోజున నా కూతురు ఇంటికి వస్తుంది.

ఈలోగా నాకున్నవి ఆదివారాలే. పిల్లలకి ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పెద్దవాళ్లే పళ్లు తోమాలని డాక్టరు గారు చెప్పారు. శనగగింజంత ఫ్లోరైడ్ పేస్టు, పొద్దున రెండు నిమిషాలు, పడుకునే ముందు రెండు నిమిషాలు. వారమంతా ఆ పని అక్కది. ఆదివారం పొద్దున నాది. అమ్ములు తల వెనక్కి వాల్చి నా పొట్టకి ఆనిస్తుంది. పెదవి ఎత్తి, చిగుళ్ల వరుస అంతా చూసి, ఒక్కో పన్నే తోముతాను. "అమ్మా, అయిపోయింది" అంటుంది నోటినిండా నురగతో. "ఇంకొంచెం" అంటాను. పళ్లు ఎప్పుడో శుభ్రమయ్యాయని ఇద్దరికీ తెలుసు.

మీ పిల్లలు మీ దగ్గరే ఉంటే, వాళ్ల పళ్లు మీరే తోమండి. ఆ రెండు నిమిషాలు ఎవరికీ వదిలిపెట్టకండి.