నొప్పి రాకముందా, వచ్చినాకనా?

ఈ సంగతి రాసి పత్రికకు పంపడం ఇది నాలుగోసారి. మొదటి రెండింటికి ఉలుకూ పలుకూ లేదు. మూడోది "స్థలాభావం" అనే ఒక్క మాటతో తిరిగొచ్చింది. పొడుగైందేమోనని ఈసారి తగ్గించి రాస్తున్నాను. నేను బేతంచెర్ల నాపరాతి గనిలో మేస్త్రీని. జబ్బు నాది కాదు, నా భార్య సుంకమ్మది.

ఆ రోజు ఆమె రాతిముక్కల గంప నెత్తిన పెట్టుకుని గనిలోంచి పైకి వస్తోంది. సగం దారిలో గంప దించి, పిడికిలి రొమ్ముకు ఆనించి నిలబడిపోయింది. పన్నెండేళ్లలో ఆమె ఆ దారిలో గంప దించడం నేను చూడలేదు.

"ఏమైందే?"

"ఎద మీద బండ పెట్టినట్టుండాది మామా. ఎడమ చెయ్యి గుంజుతాంది."

కాసేపు కూర్చుంటే తగ్గింది. మా ఊరి వైద్యుడు చెయ్యి పట్టి చూసి వాయువన్నాడు. "ఆడోళ్లకు గుండెనొప్పి యాడిదప్పా? వాము నమలమను" అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. నెలన్నర వాము నమిలింది. చివరికి నీళ్ల బిందె ఎత్తినా నొప్పి వస్తుంటే, డోన్‌లో రైలు మారి కర్నూలు తీసుకుపోయాను.

ఆసుపత్రి పేరు రాయను. బి.పి. చూశారు, ఇ.సి.జి. తీశారు. పెద్ద డాక్టరు "యాంజైనా" అన్నాడు, గుండెకు నెత్తురు చాలక వచ్చే నొప్పట. ఇక బరువులు మోయకూడదన్నాడు. చీటీ రాస్తూ పక్కనున్న చిన్న డాక్టరుతో ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. అందులో "ప్రొఫిలాక్టిక్" అన్న మాట నా చెవిన పడి ఉండిపోయింది. మాతో మాత్రం "మందు ఎట్లా వాడాలో కాంపౌండరు చెప్తాడు, పోండి" అన్నాడు.

కాంపౌండరు కిటికీలోంచి సీసా అందించి, "గుండెనొప్పికి. పూటకొకటి, అన్నానికి ముందు" అన్నాడు.

"నొప్పి వచ్చినప్పుడా సార్?" అని అడిగాను.

అతను తలెత్తి చూశాడు. "నొప్పి లేకుండా ఎవరన్నా మాత్రలు మింగుతారాప్పా? బువ్వనుకుంటివా?"

వెనక వరుసలోని వాళ్లు నవ్వారు. సుంకమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ఒళ్లు మండింది. సీసా తీసుకుని వచ్చేశాను. రెండోసారి అడగలేదు.

ఇంటికొచ్చాక నొప్పి వచ్చిన పూట మాత్రమే మాత్ర వేసుకునేది. వేసుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. కూర్చున్నందుకు నొప్పి తగ్గేది, మేము మాత్ర పనిచేసిందనుకున్నాం.

రెండు నెలల తర్వాత కడపలో ఆమె తమ్ముని ఇంట్లో మేమిద్దరం ఉండగా, పొద్దున్నే నొప్పి వచ్చింది. మాత్ర వేసుకుంది. తగ్గలేదు. ఇంకొకటి వేసుకుంది. చెమటతో చీర తడిసిపోయింది. జట్కాలో పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చాం. "కరోనరీ త్రాంబోసిస్" అన్నారు, గుండె నరంలో నెత్తురు గడ్డకట్టిందట.

అక్కడి డాక్టరు మా సీసా అడిగి తీసుకుని, వెలుతురుకు ఎత్తి చూశాడు.

"నెలకిచ్చిన మందు. ఇంకా ఇన్ని మిగిలినాయేం?"

మంచం మీది నుంచి ఆమె జవాబు చెప్పింది. "పొదుపుగా వాడినా సార్. నొప్పొస్తేనే."

డాక్టరు సీసా నాకు తిరిగిచ్చాడు. తర్వాత నన్ను వరండాలోకి పిలిచాడు. "ఇది వచ్చిన నొప్పిని తగ్గించే మందు కాదప్పా. రాకుండా చూసేది. నొప్పి ఉన్నా లేకున్నా రోజూ మింగాల." ప్రొఫిలాక్టిక్ అంటే ఏమిటని అడిగాను. "అదే. రాకముందే" అన్నాడు. సరిగా వాడి ఉంటే ఇది తప్పేదా అని అడిగాను. చెప్పలేనన్నాడు. ఇవాళ్టికీ నాకు తెలియదు.

ఆరు వారాలు పక్క మీది నుంచి లేవనివ్వలేదు. మొదట్లో తనంతట తాను ఒత్తిగిల్లడానికి కూడా లేదు. బతికింది. గంప మోసిన మనిషి ఇప్పుడు చెంబు ఎత్తితే ఆయాసపడుతుంది. మూడు పూటలా మాత్ర వేసుకుంటుంది. ఒక్కోసారి అరచేతిలో పెట్టుకుని, "నొప్పి లేకుండానే మింగుతాండా. ఆ కాంపౌండరప్ప చూస్తే నవ్వుతాడు" అంటుంది.

నన్ను దహించేది అది కాదు. తప్పు తనదే అంటుంది. "ఆయప్ప చెప్పే ఉంటాడు మామా. నేను నవ్వుతాంటి గదా, ఇనలేదు. అంత సదువుకున్నోడు తప్పు చెప్తాడా?" అంటుంది. నేను ఎన్నిసార్లు చెప్పినా నమ్మదు.

చదివేవారికి నేను చెప్పగలిగింది ఒకటే. మందు చేతికి రాగానే, ఇది నొప్పి రాకముందా, వచ్చినాకనా అని అడగండి. ఎవరు నవ్వినా తేలేదాకా కిటికీ వదలకండి.

కాంపౌండరు గారికి: నేను రెండుసార్లు కర్నూలు వచ్చాను. ఒకసారి గుర్తులేదన్నారు. ఇంకోసారి కిటికీ మూశారు. రెండోసారి అడగకపోవడం నా తప్పు, పైన రాసుకున్నాను. ఆ రోజు మీరన్నది వైద్యమా, ఎగతాళా? నాకు చెప్పకపోయినా సరే. సుంకమ్మ పేరున బేతంచెర్లకు ఒక కార్డు రాయండి, చదివి వినిపిస్తాను. ఆమె బతికి వినగలిగి ఉండగానే రాయండి.