నాలుగో చెరువు, నాలుగూ నలభై

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు ఒళ్లు మంట. మా వీధిలో ఒకరింట్లో గజ్జెల చప్పుడు వినిపిస్తోందని అందరూ వణికిపోతుంటే, నిచ్చెన వేసుకుని అటక ఎక్కి పందికొక్కుని చూపించి వచ్చినదాన్ని. ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటూ పందొమ్మిదేళ్లయింది. మెషీన్ తనంతట తాను ఏదీ చెయ్యదు, ఎవరో ఒకరు చేయిస్తేనే చేస్తుందని ఏటా కొత్త బ్యాచ్‌కి మొదటిరోజే చెబుతాను. ఈ ఏడూ చెప్పాను. కాకపోతే ఇదివరకటంత గట్టిగా చెప్పలేకపోయాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నమ్మమని ఎవర్నీ బతిమాలను.

మేం ఉండేది మచిలీపట్నంలో. నేను, మా ఆయన, మా అమ్మ. తమ్ముడు రవి నాగాయలంక అవతల నాలుగు రొయ్యల చెరువులు లీజుకి తీసుకుని చేస్తున్నాడు. పంట ఉన్నన్నాళ్లూ చెరువు గట్టు మీద షెడ్డులోనే ఉంటాడు. పది రోజులకోసారి ఇంటికొచ్చి, అమ్మ చేత నాలుగు చీవాట్లు తిని, నాలుగు జతల బట్టలు పట్టుకుపోతాడు. అక్కడ వాడికి తోడు ఏసుబాబు. కాపలా మనిషి, రవి కంటే పదేళ్లు పెద్దవాడు. భార్య మరియమ్మతో ఆ పక్క ఊళ్లోనే కాపురం.

రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి అందడానికి కరెంటుతో తిరిగే చక్రాలుంటాయి. ఏరియేటర్లంటారు. వాటికి నాచు చుట్టుకున్నా, కట్టిన తాడు తెగినా మనిషి నీళ్లలోకి దిగాల్సిందే. కొన్నేళ్ల క్రితం పక్క చెరువు రైతు అలాగే దిగి, షాక్ కొట్టి పోయాడు. పొద్దున పోతే మధ్యాహ్నం దాకా ఎవరికీ తెలియలేదు. ఆ మర్నాడే మా అమ్మ ఒక రూలు పెట్టింది. రవి నీళ్లలోకి దిగేముందు ఇంటికి ఫోన్ చెయ్యాలి, గట్టుకి వచ్చాక మళ్లీ చెయ్యాలి. మొదటి ఫోన్‌కి అమ్మ రిజిస్టరులో ‘దిగాడు’ అని రాస్తుంది. రెండో ఫోన్‌కి ‘ఎక్కాడు’ అని రాస్తుంది. ఆ రెండో ముక్క రాసేదాకా పొయ్యి మీద ఏం మాడినా లేవదు.

ఆ రిజిస్టరు ఇంట్లో కంప్యూటరులో ఉండేది. నేనే తయారుచేసి ఇచ్చాను. తేదీ, టైము, ఎన్నో చెరువు, దిగాడా ఎక్కాడా. అంతే గళ్లు. ఒక మీట నొక్కితే కంప్యూటరు గడియారంలో ఉన్న తేదీ, టైము వాటంతటవే పడతాయి. పేరుకి గడి పెట్టలేదు. దిగేది రవి ఒక్కడేగా అనుకున్నాం. ఏసుబాబు కూడా దిగుతాడని తెలియక కాదు. అసలు రవి కంటే అతనే ఎక్కువసార్లు దిగేవాడు. అతను దిగినప్పుడు ఫోన్ చెయ్యాలని ఎవరికీ తోచలేదు, అంతే.

ఇంకో సంగతి చెప్పాలి. అమ్మ రిటైరయ్యేదాకా ఆఫీసులో తెలుగు టైపిస్టు. పాత టైపు మిషను పద్ధతి తప్ప వేరేది ఆమె వేళ్లకి రాదు. దానికోసం విండోస్‌లో ఒక పాత తెలుగు సాఫ్ట్‌వేర్ వేసి ఇచ్చాను. ఆ అక్షరాలు అందులో తప్ప ఇంకెక్కడా టైపు కావు. విండోస్ బదులు వాడే లినక్స్ అనే ఇంకో సిస్టమ్‌లో అయితే తెరిచి చూసినా పిచ్చి గీతల్లా కనిపిస్తాయి.

ఈ ఏడాది మా కాలేజీ ల్యాబ్ మొత్తం లినక్స్‌కి మార్చారు. ఇంట్లో నాకు సాధన కావాలి. విండోస్ తీసేద్దామంటే అమ్మ రిజిస్టరు అడ్డం. అందుకని ఒకే కంప్యూటరులో రెండూ పెట్టుకుందామనుకున్నాను. ఆన్ చెయ్యగానే ఏది కావాలని అడుగుతుంది, పది సెకన్లలో చెప్పకపోతే లినక్స్‌లోకి వెళ్లిపోతుంది. ఒక శుక్రవారం సాయంత్రం కాలేజీ నుంచి రాగానే కూర్చున్నాను. ముందు రిజిస్టరుని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, డిస్కులో కొంత జాగా ఖాళీ చేసి, అందులో లినక్స్ ఎక్కించాను. ‘మొత్తం చెరిపెయ్యమంటావా’ అని అడిగే చోట ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. అమ్మ వెనక కుర్చీ వేసుకుని కూర్చుని, నా రిజిస్టరు పోతే నీ సంగతి చెబుతానని బెదిరిస్తూనే ఉంది. ఏమీ పోలేదు. విండోస్ కావాలంటే కింది బాణం నొక్కి ఎంటర్ కొట్టమని ఆమెకి నేర్పాను. ఒకే ఇంట్లో రెండు కాపురాలు పెట్టావేంటే, ఎన్నాళ్లు పొసుగుతుందో అని నవ్వింది. ఏడింటికి కంప్యూటరు కట్టేశాను.

మర్నాడు రెండో శనివారం, నాకు సెలవు. మా ఆయన పని మీద పొద్దున్నే గుడివాడ వెళ్లారు. లైన్ల మరమ్మతు ఉందని పదింటికి కరెంటు తీసి పన్నెండున్నరకి ఇచ్చారు. మా యూపీఎస్ ఎప్పుడో చచ్చింది, కొత్త బ్యాటరీ వేయించలేదు. అంటే ఆ రెండున్నర గంటలూ మా కంప్యూటరు ఆన్ అయ్యే దారే లేదు.

ఒంటిగంటకి అమ్మ కంప్యూటరు పెట్టింది. రవి ఫోన్లు మధ్యాహ్నం నుంచే మొదలవుతాయి. వంటింట్లో ఉన్న నన్ను పిలిచింది. రిజిస్టరులో అన్నిటికంటే కింద, కొత్త లైను ఒకటి ఉంది. ఆ రోజు తేదీ. సాయంత్రం 4:40. నాలుగో చెరువు. దిగాడు.

గోడ గడియారంలో అప్పుడు ఒంటిగంటా ఐదు.

నాకు నవ్వొచ్చింది. ఇది రెండు సిస్టమ్‌లు పెట్టుకున్న ప్రతివాళ్లకీ వచ్చే తలనొప్పే. గడియారాన్ని విండోస్ ఒకలా అర్థం చేసుకుంటుంది, లినక్స్ ఇంకోలా అర్థం చేసుకుంటుంది. సరిచెయ్యకపోతే మన దేశంలో ఐదున్నర గంటల తేడా వస్తుంది. విండోస్‌లో టైము వెనక్కి పోతుంది, లినక్స్‌లో ముందుకి పోతుంది. క్లాసులో చెప్పినట్టు అమ్మకి చెప్పాను. నాలుగూ నలభైలోంచి ఐదున్నర తీసెయ్, పదకొండూ పది వస్తుంది, పదకొండూ పదికి పడ్డ లైను ఇది అన్నాను.

“పదకొండింటికి కరెంటు ఎక్కడుందే? అయినా నేనసలు ముట్టుకుంటేగా?” అంది అమ్మ.

జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది. నిన్న చూసుకోకుండా ఏదో నొక్కి ఉంటావులే అని కసిరాను. ఆమె ఫోన్ తీసి రవికి చేసి, ఇవాళ నువ్వు ఏ చెరువులోకీ దిగొద్దు, నా మీద ఒట్టు అంది. వాడు విసుక్కున్నాడు, నవ్వాడు, చివరికి సరేనన్నాడు. చదువుకున్న ఇంట్లో ఈ చాదస్తం ఏంటని నేను గొణుగుతూనే ఉన్నాను. తర్వాత కూర్చుని గడియారం తేడా సరిచేశాను. రెండు సిస్టమ్‌లలోనూ టైము నా ఫోన్‌లో టైముతో నిమిషం తేడా లేకుండా సరిపోయింది. ఆ లైనుని చెరిపేశాను.

సాయంత్రం అమ్మ కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. నేను టీ గ్లాసు ఇచ్చి అక్కడే నిలబడ్డాను. ఫోన్ మోగింది. రవి. అమ్మ స్పీకరులో పెట్టింది.

“నువ్వు దిగొద్దన్నావని నేను గట్టు మీదే ఉన్నానమ్మా. నాలుగో చెరువులో ఏరియేటరు తాడు తెగి పక్కకి కొట్టుకుపోతోంది. ఏసుబాబు దిగాడు” అన్నాడు.

ఆ క్షణంలో నాకు ఏమనిపించిందో రాయకుండా మిగతాదంతా రాయడం దండగ. నాకు హమ్మయ్య అనిపించింది. అమ్మ ముఖంలోనూ అదే కనిపించింది. భుజాలు కిందికి దిగాయి. మనవాడు గట్టు మీద ఉన్నాడు. ఇద్దరం అంతకుమించి ఆలోచించలేదు.

ఫోన్ రాగానే రాయడం అలవాటు కాబట్టి అమ్మ వేళ్లు వాటంతటవే నడిచాయి. మీట నొక్కింది. చెరువు నంబరు వేసింది. ఒక్క మాట కొట్టింది. ఇద్దరం తెర వంక చూశాం. ఆ రోజు తేదీ. సాయంత్రం 4:40. నాలుగో చెరువు. దిగాడు. మధ్యాహ్నం నేను చెరిపేసిన గళ్లలోనే, అక్షరం పొల్లు పోకుండా ఉంది.

“ఎక్కమను. రవీ, అతన్ని పైకి ఎక్కమను” అని అమ్మ ఫోన్‌లోకి అరిచింది.

రవి అప్పటికే కట్ చేశాడు. మళ్లీ చేశాం. మోగుతోంది, తియ్యడం లేదు. మళ్లీ చేశాం. నాలుగోసారి తీసింది రవి కాదు, పక్క చెరువు మనిషెవరో. మీవాడు బాగానే ఉన్నాడండీ, స్విచ్ కట్టేశారండీ, ఏసుబాబుని ఆటోలో ఎక్కిస్తున్నామండీ అన్నాడు. అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్లారు. అప్పటికే ప్రాణం లేదన్నారు. వైరు పైతొడుగు ఒకచోట ఊడిపోయి లోపలి తీగ నీళ్లకి తగులుతోందని తర్వాత చూశారు. అతను నీళ్లలో నాలుగడుగులు వేశాడట, అంతే.

ఇది జరిగాక నేను ఊరికే కూర్చోలేదు. నాకు తెలిసిన పద్ధతిలో వెతికాను. లైను చెరిపేశాను గానీ, మధ్యాహ్నం అమ్మ ఫోన్లో మాట్లాడుతుండగా దాన్ని నా ఫోన్‌తో ఫోటో తీసి ఉంచాను. క్లాసులో పిల్లలకి గడియారం తేడా చూపిద్దామని తీశాను. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. అందులో ఉన్నవి అమ్మ పాత టైపు అక్షరాలే, విండోస్‌లో తప్ప పడవు. కానీ విండోస్‌లో టైము వెనక్కి పోతుంది గానీ ముందుకి రాదు. ముందుకి రావాలంటే లినక్స్‌లో ఉండాలి, లినక్స్‌లో ఆ అక్షరాలు పడవు. ఏ సిస్టమ్ ఎన్ని గంటలకి ఆన్ అయిందో కంప్యూటరు తనలో తాను రాసుకుంటుంది. అదీ తీసి చూశాను. శుక్రవారం రాత్రి ఏడు తర్వాత, శనివారం అమ్మ ఒంటిగంటకి పెట్టేదాకా దాన్ని ఎవరూ ఆన్ చెయ్యలేదు.

మా కాలేజీలో నాకంటే బాగా తెలిసిన ఇద్దరికి చూపించాను. మనుషుల సంగతి చెప్పలేదు, లైను సంగతి మాత్రమే చెప్పాను. ఒకాయన వైరస్ అన్నారు. రెండో ఆయన చాలాసేపు చూసి, ఎవరో కావాలని చేశారు మేడం అన్నారు. ఎవరు, ఎలా అంటే చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను. ఇన్నాళ్లకీ చెప్పలేను. అమ్మ ఆ రిజిస్టరు మళ్లీ తెరవలేదు. రవి ఆ పంటతో చెరువులు వదిలేశాడు.

నెలన్నర తర్వాత మరియమ్మ మా ఇంటికొచ్చింది. వితంతు పింఛను దరఖాస్తుకి ఏవో కాగితాలు కావాలంటే, నేనే రమ్మన్నాను. ఆ కంప్యూటరు ముందే కూర్చుని ఆవిడ వివరాలన్నీ కొట్టాను. భర్త పేరు, వయసు, మరణించిన తేదీ. కాగితాలు ఒక్కొక్కటే బయటికి వస్తుంటే ఆవిడ నిలబడే చూస్తోంది. కూర్చోమంటే కూర్చోలేదు.

“మీ తమ్ముడుగారిని ఆ రోజు దిగొద్దని మీ అమ్మగారు ఫోన్ చేశారంట గదండీ” అంది. గొంతులో కోపం లేదు. “మరి మా ఆయన్ని కూడా దిగొద్దని ఎవరూ అన్లేదేంటండీ?”

లోపలి గదిలో అమ్మ మంచం కిర్రుమంది. ఆమె విన్నదని తెలిసింది, బయటికి మాత్రం రాలేదు.

నాకు తెలీదమ్మా అన్నాను. ఆ లైను గురించి ఎవరడిగినా ఆ మాటే చెబుతాను, అది నిజం. మరియమ్మతో చెప్పింది మాత్రం అబద్ధం. ఆవిడ కాగితాలు కొంగులో చుట్టుకుని, వస్తానండీ అని మెట్లు దిగి వెళ్లిపోయింది.