పొగగొట్టం మీదుగా

కొత్త విమానం ఆట తెచ్చానని మా అమ్మాయి చెప్పిన రోజు నాకు అన్నం సయించలేదు. కంప్యూటర్‌లో ఆడే ఆటకు భయపడతావా అని నవ్వుతారని ఆ సంగతి ఇంట్లో ఎవరితోనూ అనలేదు.

తొమ్మిదేళ్లుగా నేను పాత ఆటలోనే విమానం నడుపుతున్నాను. అమ్మాయి కాలేజీలో చేరినప్పుడు ఇంటికొచ్చిన కంప్యూటర్‌లో అది ఉండేది. దానిలో మా ఊరు కోయంబత్తూరు అంటే ఒక రన్‌వే, చుట్టూ పచ్చరంగు నేల, అక్కడక్కడ ఒకే అచ్చులో పోసినట్టున్న డబ్బా ఇళ్లు. అది నిజంగా మా ఊరు కాదని నాకు తెలుసు. అందుకే ఎంత ఎత్తుకు లేచినా భయం వేసేది కాదు. బయట మాత్రం స్టూలెక్కి బల్బు మార్చడం కూడా నా వల్ల కాదు.

ఒకప్పుడు ఇలా లేను. మా అక్క భర్త, అంటే మా బావ, నేనూ కలిసి మిల్లులకు రంగులు వేసేవాళ్లం. నీళ్ల ట్యాంకులు, పొగగొట్టాలు మా పని. మా ఊళ్లోనే, పీలమేడులో ఒక పాత మిల్లు పొగగొట్టానికి తెల్ల పట్టీలు వేస్తుండగా బావ తాడు తెగింది. నేను అతనికి చాలా పైన, ఇనుప మెట్ల మీద ఉన్నాను. ముందు రంగుడబ్బా నేలకు తగిలిన చప్పుడు వినబడింది. వెంటనే ఇంకో చప్పుడు. కింద దూదిచెత్త కుప్ప ఉండబట్టి బావకు ప్రాణం దక్కింది కానీ కుడికాలు మళ్లీ సరిగా రాలేదు. నేను కిందికి చూడలేదు. ఇటుకలకు చెంప ఆనించి, కళ్లు మూసుకుని, మెట్టు పట్టుకుని ఉండిపోయాను. అగ్నిమాపక దళం వాళ్లు ఎక్కి వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసి దించవలసి వచ్చింది. మళ్లీ ఆ పనికి పోలేదు. ఒక కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాను.

కొత్త ఆటలో ఆకాశం నుంచి తీసిన ఫొటోలతో ఉన్న భూమిని ఉన్నట్టే పరుస్తారట.

"నాయనా, పాతదాంట్లో ఏముండాది? ఉత్త పచ్చగడ్డి. దీంట్లో మన వీధి, మన ఇల్లు, అన్నీ కనిపిస్తాయి" అంది అమ్మాయి.

"నాకు పాతదే చేతికి అలవాటు అమ్మా" అన్నాను.

మీటలు మారిపోయాయన్నాను. మా ఇంటి నెట్ చాలదన్నాను. కళ్లు మండుతాయన్నాను. ఆమె ఒక్కోదానికి ఒక్కో దారి చూపిస్తూ పోయింది. నిజం చెప్పాలంటే నాకు తెలిసింది ఒకటే. మా ఊరు ఉంటే ఆ మిల్లూ ఉంటుంది. మిల్లు ఉంటే పొగగొట్టమూ ఉంటుంది. దాన్ని పైనుంచి చూడవలసి వస్తుంది.

బావ ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వస్తాడు. చేతికర్ర గోడకు ఆనించి, నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నేను విమానం నడుపుతుంటే చూస్తాడు. ఆ ఆదివారం అమ్మాయి అతనికి అంతా చెప్పేసింది.

"ఏంటికి రా వద్దంటావు?" అన్నాడు బావ. "నేను చూడాల. ఆ మిల్లు మీదగా ఒకతూరి పోనీ."

"వద్దు బావా."

"ఏం?"

"సుమ్మా, ఊరికే. వద్దు."

అతను కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. "పడింది నేను రా. నీకేంటికి బయం?"

నేను కంప్యూటర్ ఆపేశాను. ఆ వారమంతా గేటు దగ్గర కూర్చున్నప్పుడు విమానాశ్రయం వైపు దిగే విమానాల చప్పుడు వింటేనే అరచేతులు తడిసేవి.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం బావ ముందే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇక తప్పలేదు. అమ్మాయి కొత్త ఆట పెట్టింది. చిన్న విమానం, ఒకే ఇంజిను. రన్‌వే వదిలి లేవగానే కింద అవినాశి రోడ్డు కనబడింది, నిజమైన అవినాశి రోడ్డే. నా కాళ్లు నేలను వెతుక్కున్నాయి. గచ్చు మీద పాదాలు ఒత్తిపెట్టి కుడివైపు తిప్పాను. కాలేజీ భవనాలు, రైలు పట్టాలు, తర్వాత మిల్లు రేకుల కప్పులు. కళ్లు మూసుకుపోతున్నాయి.

"కండ్లు మూయొద్దు బామ్మర్దీ, విమానం పడతాది" అన్నాడు బావ.

తెరిచి చూశాను. పొగగొట్టం లేదు. అది ఉండవలసిన చోట గుండ్రటి చిన్న మచ్చ, దాని నుంచి నేల మీద పొడుగ్గా సాగిన నల్లటి నీడ. అంతే.

"యాడరా అది? కూలగొట్టేసినారా?"

"ఫొటో మామా. దీంట్లో కొన్నింటికి ఎత్తు రాదు, నేలకు అంటుకుని కనిపిస్తాది" అని అమ్మాయి చెప్పింది.

బావకు చాలా నిరాశ కలిగింది. మళ్లీ తిప్పమన్నాడు. ఇంకా కిందికి దించమన్నాడు. నాలుగుసార్లు ఆ నీడ మీదుగా తిరిగాను. నాలుగోసారి మరీ కిందికి దించేసరికి విమానం ఒక పక్కకు ఒరిగి, పక్క వీధి ఇళ్ల మీద పడిపోయింది. తెర నల్లబడింది. అమ్మాయి నీళ్లు తేవడానికి లోపలికి పోయింది.

అప్పుడు అనేశాను. "ఆ పొద్దు నువ్వు కింద నుంచి పిలిస్తివి బావా. నాకు వినబడింది. నేను పలకలేదు."

అతను తొడ మీద చెయ్యి రుద్దుకుంటూ ఆలోచించాడు.

"నిన్నా? నేను పిలిచింది మీ అక్కను రా. నీ గ్యాపకమే లేదు నాకు ఆ నొప్పిలో."

అది నిజమో, నా కోసం అన్నాడో నేను అడగలేదు. అడగాలంటే ఇప్పటికీ భయమే.

పాత ఆటను మాత్రం తీసేయనివ్వలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పచ్చరంగు నేల మీదే ఎగురుతాను. బావ వచ్చినప్పుడు కొత్తది. పోయిన ఆదివారం అతను పోదనూరు చూపించమన్నాడు, తాను పుట్టిన రైల్వే కాలనీ ఎట్లా ఉందో చూడాలట. విమానం లేవకముందే నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. బావ తెరకు దగ్గరగా వంగి, ఒక ఎర్ర పెంకుల వరుస మీద వేలు పెట్టి, "ఇదే, ఇదే, మెల్లగా పో" అన్నాడు. మెల్లగానే పోయాను.