సుబేదారుగారి మైనం

మా నర్సీపట్నంలో ఎదురింటి సుబేదారుగారూ నేనూ రాసేవాళ్ళమే. నేను కథలు, ఆయన మైనం. లైసెన్సున్న రైఫిల్ షూటరాయన. రిటైరయ్యాక అదొక్కటే వ్యాపకం. కాల్చేసిన తూటా ఇత్తడి గొట్టంలో మళ్ళీ మందు నింపేముందు, ఉబ్బింది పాత కొలతకి రావడానికి దాన్ని అచ్చులో దూర్చాలి. పైన రాసే మైనం తగ్గితే ఇరుక్కుంటుంది, ఎక్కువైతే సొట్ట పడుతుంది. ఏ డబ్బాలోది మంచిదో ఆయన రెండు వేళ్ళ మధ్య రుద్ది చెప్పేసేవారు.

షుగరు ముదిరాక ఒక ఉదయం చాలాసేపు రుద్దారు.

"మాస్టారూ, ఇది మైనమా, నూనా? ఏలికి తెల్డం నేదు."

"మైనమేనండీ. మరోసారి చూడండి."

"ఇది మీ కథేటండీ, తప్పైతే కొట్టేసి మళ్ళీ రాసుకోడానికి?"

డబ్బాలన్నిటికీ మూతలు పెట్టేసి, కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని, అరచేతులు నా ముందుకు చాపారు.

"జిడ్డు వదిలిందేటండీ?"

"వదిలిందండీ" అన్నాను.