నాలుగో దమ్ము

మా పెదనాయన పదిహేను రోజుల కిందట, మంగళవారం ఉదయం లాస్‌పేటలో, తన ఇంట్లోనే కన్నుమూశారు. మా నాన్నకు అన్న. ఆయన దగ్గర ఒప్పుకోవలసిన తప్పు ఒకటి నాకుంది. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ ఏడాది గడిపేశాను.

బొగ్గింజన్ల కాలంలో ఆయన రైల్వేలో ఫిట్టరు. మేం అరవ నాట స్థిరపడ్డవాళ్ళం, తెలుగు మాకు ఇంట్లో మాట్లాడుకునే మాట మాత్రమే. ఆయనకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. అబద్ధాన్ని అరవంలో లాగా ‘పొయ్’ అనేవారు. ఆంధ్రా నుంచి వచ్చిన చుట్టాలు అది పొయ్యి అనుకొని వంటింటి వైపు చూసేవారు.

ఆదివారం సంతలో ఒక జానెడు బొమ్మ ఇంజను కొన్నారు. భోజనాల బల్ల మీద పట్టాలు పరిచి నడిపిస్తే ఛుక్ ఛుక్ మనేది. మాకు ముద్దొచ్చింది, చప్పుడు ఎలా వస్తోందో నన్నడిగి తెలుసుకున్నాక ఆయనకు ఒళ్ళు మండింది.

“ఏంది పాపా ఇది? చక్రం మెల్లగా తిరిగినా, బిరబిరా తిరిగినా ఒకే సద్దు! చక్రం ఒక చుట్టు తిరిగితే ఆవిరి నాలుగు దమ్ములు పడాల. ఇంజను పొయ్ చెప్పకూడదు.”

మూత విప్పారు. చక్రం లోపలి వైపు ఆవగింజంత అయస్కాంతాలు నాలుగు అతికించి, పక్కన సన్నటి గాజు స్విచ్చి పెట్టారు. అయస్కాంతం దాని ముందు నుంచి పోయినప్పుడల్లా ఒక దమ్ము పడాలి. అయితే అప్పటికే ఆయనకు చెవులు దాదాపు పోయాయి. అందుకని కుడిచెయ్యి బల్ల మీద చాపేవారు. నేను విని, దమ్ము పడినప్పుడల్లా ఆ చేతి మీద వేలితో కొట్టాలి.

రెండు నెలలు సాయంత్రాలన్నీ అదే పని. మూడు పడేవి, నాలుగోది తప్పేది. విప్పేవారు, సర్దేవారు, మళ్ళీ చెయ్యి చాపేవారు. ఒకరోజు ఆఫీసు నుంచి తలనొప్పితో వచ్చాను. మూడే పడ్డాయి. నాలుగోది నేనే కొట్టేశాను.

“నాలుగూ పడతా ఉండాయా?”

తల ఊపాను. ఆయన నా తల నిమిరి, మూత బిగించి, పెద్దమ్మను కాఫీ పెట్టమన్నారు.

మొన్న కర్మ అయ్యాక ఇదంతా పెద్దమ్మకు చెప్పి ఏడ్చాను. ఆవిడ కొంగుతో నా మొహం తుడిచారు.

“ఆయనకి తెలుసు పాపా. నువ్వు పోయినాక ఇంజన్ని దవడకి ఆనించుకొని చూసినారు. ఎముకలో అదిరేది తెలిసింది. ‘మూడే పడతా ఉండాయి, నాలుగోది పాప కొట్టింది’ అని నవ్వినారు. మళ్ళా విప్పండి అంటే, ‘విప్పితే నాకు తెలిసిందని పాపకి తెలిసిపోతాది, మనసు కష్టపడతాది. ఉండనీ’ అనేసినారు.”

చక్రానికీ చప్పుడుకీ పొంతన కుదరలేదని రెండు నెలలు నిద్ర మానుకున్న మనిషి, నా కోసం ఆ తప్పును అలాగే ఉండనిచ్చారు. ఏడాది పాటు నా ముందే దాన్ని నడిపించి, బాగుంది కదా అన్నట్టు నవ్వారు.

పెద్దమ్మ లోపలికి వెళ్ళాక మీట నొక్కాను. ఇంజను మెల్లగా కదిలింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోదానికి నా వేలు దానంతటదే లేచింది. కింద ఒట్టి బల్ల.